ఎర్ర చుక్క నాడె

మా షెడ్డు గేటు పక్కన తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉండేది. "ఈ కర్మాగారమున కుల మత భేదము పాటింపబడదు. పనియందు ఆసక్తి గలవారందరికిని సమానావకాశము కలదు." 1958లో రాయించారు. ప్రతి ఉదయం తాళం తీసేటప్పుడు దాని కిందే నిలబడేదాన్ని కాబట్టి అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

ఇప్పుడు మీ కంపెనీల్లో ఇలాంటి మాటలు కంప్యూటరులో పెడుతున్నారట. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడి మనవరాలు మొన్న చూపించింది. రకరకాల ఒంటి రంగుల మనుషులు పక్కపక్కన నిలబడి నవ్వుతున్న బొమ్మ, దాని కింద ఒక పేజీ నిండా హామీలు. ఏడాదికోసారి వాటి మీద పాఠం చెప్పి, చివర ప్రశ్నలు కూడా అడుగుతారట. "మీ కాలంల ఇవన్నీ యాడున్నయి అవ్వా" అంది.

ఉన్నాయి. బోర్డు ఉంది. బోర్డు రాసిన మంచి మనిషి ఉన్నాడు. అది చదివి తల ఊపిన మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా ఒక నేతగాడు తన మగ్గం మీద నిలదొక్కుకోవడానికి బోర్డు చాలలేదు. ఏం జరిగిందో మీలాంటి పిల్లల కోసం రాస్తున్నాను. పేర్లు రాయను. వాళ్ళలో చాలామంది పోయారు, వాళ్ళ పిల్లలు మాత్రం మా వీధిలోనే ఉన్నారు.

షెడ్డు రామన్నపేట నుంచి భువనగిరి పోయే దారిలో ఒక పల్లె చివర ఉండేది. కాళ్ళు దించి కూర్చోవడానికి నేలలో గుంట తవ్విన మగ్గాలు పద్దెనిమిది, వెనుక రంగుల కొట్టం, ముందు నా స్టోరు. కంపెనీ హైదరాబాదుది. యజమాని ఖద్దరు కట్టే పెద్దమనిషి. మూడు నెలలకొకసారి జీపులో వచ్చి చూసిపోయేవారు. నేను 1957లో చేరాను. మాదీ నేత కుటుంబమే. పెళ్ళయిన మూడో ఏట భర్త పోతే తల్లిగారింటికి వచ్చేశాను. నాది ఏడో తరగతి చదువు, అందులో నాలుగేళ్ళు ఉర్దూలో. నూలు తూచి ఇవ్వడం, నేసిన గుడ్డ తూచి తీసుకోవడం, సామాను చూసుకోవడం నా పని. సేర్లు పోయి కిలోలు వస్తున్న రోజులవి. కొత్త రాళ్ళు వచ్చాక కూడా నేను ఒకసారి పాత రాళ్ళతో, ఒకసారి కొత్త రాళ్ళతో తూచేదాన్ని. అందుకని నాకు తక్కెడమ్మ అని పేరు పెట్టారు. నాకు వినిపించదని వాళ్ళ నమ్మకం.

నేతగాళ్ళందరికీ పెద్ద మా పెద్దమేస్త్రీ. అప్పటికే అరవై దాటాయి. వరుసకు నాకు పెదనాన్న, పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఆయన నోరు ఒక చోట ఉండేది కాదు. పోగు తెగితే తిట్టు, అంచు వంకర పోతే తిట్టు. "ఓరి సన్నాసీ, పోగులు తెంపనీకె పుట్టినవార నువ్వు" అనేవారు. "మీ నాయినకు నేర్పిన, మల్ల నీకు నేర్పుడు, ఎన్ని తరాలు మోయాలె మిమ్ముల" అనేవారు. తిట్టుకుంటూనే మగ్గం గుంటలోకి దిగి, ఆ మనిషిని పక్కకు నెట్టి, బెత్తెడు గుడ్డ తానే నేసి చూపించి లేచేవారు. నేత ఎవరూ మాటలతో నేర్చుకోరు. పక్కన చేయి కదులుతుంటే చూసి నేర్చుకుంటారు. మా షెడ్డులో అందరి చేతులూ ఆ తిట్ల కిందే తిరిగాయి.

రంగుల మేస్త్రీ భువనగిరి ముసల్మాను. మోచేతుల దాకా నీలిమందు పట్టి ఉండేది. ఆయన అసలు చేతుల రంగు ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. ఇక మేనేజరు కోస్తా జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, ముప్పై నిండలేదు. అందరినీ "ఏమండీ" అని పిలిచేవాడు. తమను అంత మర్యాదగా ఎవరు పిలుస్తారని మా నేతగాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. బోర్డు మీది వాక్యం ఆయనదే. యజమాని నాలుగు మాటల్లో చెప్పింది ఆయన గ్రాంథికంలోకి మార్చాడు. మనసులో లేనిది రాసే మనిషి కాదు.

బోర్డు పెట్టిన నెలలోనే ఒక నేతగాడు చెప్పకుండా షోలాపూర్ వెళ్ళిపోయాడు. అతనితోపాటు అతని నాడె కూడా వెళ్ళిపోయింది. నాడె అంటే పేక దారం చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని పడుగులో అటూ ఇటూ పరిగెత్తే కొయ్య పనిముట్టు. పడవ ఆకారంలో ఉంటుంది. అప్పటి నుంచి సాయంత్రం నాడెలన్నీ స్టోరులో బుట్టలో వేసి పోవాలని, ఉదయం నా దగ్గర తీసుకోవాలని నియమం పెట్టారు. ఎవరిది ఎవరికి వచ్చినా ఒకటే. అన్నీ ఒకే వడ్రంగి చేసినవి.

ఆ ఖాళీ మగ్గానికి ఒక పాతికేళ్ళ మనిషి వచ్చాడు. బోర్డు ప్రకారం కులం అడగకూడదు. మావాళ్ళు అడగలేదు. "ఏ ఊరు తమ్మి" అన్నారు. చెప్పాడు. "ఊర్లె ఏ దిక్కు" అన్నారు. అతను చిన్నగా నవ్వి, "మీరు అనుకున్న దిక్కే" అన్నాడు. ఆ తరువాత ఇంకేమీ అడగలేదు. బోర్డుకు ఏ భంగమూ రాలేదు.

ఊరి బయటి ఆ వాడలో ఒకప్పుడు ముతక నేత ఉండేది. మిల్లు గుడ్డ వచ్చి అది పడిపోయింది. తండ్రి మగ్గం గుంట పూడ్చేశాడు. ఇతను రోడ్డు పనిలో కంకర కొడుతూ, మా బోర్డు సంగతి విని వచ్చాడు. మేనేజరు నేయించి చూసి తీసుకున్నాడు. స్టోరులో ఇవ్వడానికి నాడె లేదు. "ఫికర్ లేదు అక్కా, మా నాయినది ఉన్నది" అని సంచిలోంచి తీసి చూపించాడు. బరువైన నాడె, దారం బయటికి వచ్చే కన్ను కూడా ముతక నూలుకు తగ్గట్టు పెద్దది. కంపెనీ సామాను కాదు కాబట్టి సాయంత్రం అది అతనితోనే ఇంటికి పోయేది.

నిజం చెప్పాలంటే ఎవరూ ఒక్క మాట అనలేదు. దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తూ అతను ఐదు నెలలు గడిపాడు. పెద్దమేస్త్రీ రోజూ అతని మగ్గం దగ్గర ఆగి, నిలబడే చూసి, "మంచిగనే ఉన్నది తమ్మి, జర అంచు చూసుకో" అని ముందుకు పోయేవారు. ఆ నోటికి అంత మర్యాద కూడా వచ్చా అని నేను కిటికీలోంచి చూసి నవ్వుకునేదాన్ని.

ఒకరోజు నూలు తీసుకోవడానికి వచ్చి అతనన్నాడు. "అక్కా, నేనొచ్చి గిన్ని దినాలాయె. పెద్దమేస్త్రీ నన్ను ఒక్కపారి గూడ తిట్టలే."

"సంతోషపడు" అన్నాను.

"ఏం సంతోషం. తిడితెనే కద గుంటల దిగేది."

నేను తక్కెడ ముల్లు చూస్తున్నాను. తలెత్తి అతన్ని చూశాను. అతను అప్పటికే నూలు భుజాన వేసుకుని వెళ్ళిపోతున్నాడు. అప్పటి దాకా నేను మర్యాద అనుకున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది.

1959 సంక్రాంతి తరువాత కంపెనీ ముతక నేత ఆపేసింది. ఎనభై నంబరు నూలు వచ్చింది. వెంట్రుక లాంటి దారం, అంచు చీరలు నేయాలి. దానితోపాటు సన్న కన్ను ఉన్న కొత్త నాడెలు పద్దెనిమిది వచ్చాయి. తండ్రి నాడెతో ఆ నూలు నేస్తే నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పోయేలోగా తెగేది. అతను నా దగ్గరికి వచ్చి కొత్త నాడె అడిగాడు. కంపెనీ మగ్గానికి కంపెనీ నాడె. ఇచ్చాను. సాయంత్రం అది కూడా అందరి నాడెలతో పాటు బుట్టలో పడింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కండె అయిపోగానే కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె కన్ను లోపలి వైపు ఉంచి, బయటి వైపు నోరు ఆనించి పీల్చాలి. దారం కంట్లోంచి బయటికి వస్తుంది. మా తాతలు, తండ్రులు అందరూ అలాగే చేశారు. పొద్దంతా ఎన్నిసార్లు నాడె నోటికి తగులుతుందో నేతగాడికి గుర్తు కూడా ఉండదు. రోజూ నాడెలు చేతులు మారుతూనే ఉన్నా, ఆ బుట్టలో ఎంగిలి ఉందన్న మాట అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఉదయం తట్టింది.

బుట్ట కిటికీలో పెట్టాను. అందరూ వచ్చి నిలబడ్డారు. చేయి పెట్టినవాడు లేడు. ఒకాయన కండెలు తడి ఆరలేదన్నాడు. ఇంకొకాయనకు నడుము పట్టింది. ఒకాయన పడుగు సర్దుకుంటానని పోయాడు. అందరికీ ఒకే ఉదయం ఏదో ఒక పని వచ్చి పడింది, నాడెతో అవసరం లేని పని. ఆ కొత్త మనిషి ఒక నాడె తీసుకుని వెళ్ళి నేయడం మొదలుపెట్టాడు. పెద్ద షెడ్డులో ఒక్క మగ్గం చప్పుడు. రంగుల మేస్త్రీ తలుపు దగ్గరికి వచ్చి చూశాడు.

"ఏం బేటీ, బుట్టల పామున్నదా" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతరు చాచా, వాళ్ళనడుగుండ్రి."

"వాళ్ళనేం అడుగుత. నేను రంగేసిన నూలు వాళ్ళ చేతుల చీరైతది, వాళ్ళ ఇంటి ఆడోళ్ళు కట్టుకుంటరు. గది నడుస్తది. గీ కట్టెముక్క నడుస్తలేదు." తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

మేనేజరుకు విషయం చెప్పవలసివచ్చింది. ఆయన నిర్ఘాంతపోయింది కులం గురించి కాదు. "నోటితోనా అమ్మా" అన్నాడు. ఏడాదికి పైగా మా మధ్య తిరుగుతూ ఆయన అది గమనించనే లేదు. అనారోగ్యం కూడా అని చెప్పి, తీగతో కొక్కేలు చేయించి పంచాడు. తీగ తగిలితే ఆ సన్న దారం పీచులు లేచేది. రెండు రోజుల్లో కొక్కేలు చూరులో చెక్కి మరిచిపోయారు. అప్పుడు ఆయనకు ఇంకొక ఉపాయం తోచింది. ఒక నాడెకు గుర్తు పెడదాం అన్నాడు.

"పెడితే అన్నిటికీ నంబర్లు వేయండి సారూ. ఎవరిది వాళ్ళకుంటుంది" అన్నాను.

"అన్నిటికీ వేస్తే యజమానిగారు ఎందుకని అడుగుతారమ్మా. ఒక్కటైతే కనిపించదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం కొంచెం వాడింది. రంగు వేయమని రంగుల మేస్త్రీని పిలిచాడు. ఆయన చేతులు కట్టుకుని, "నాది నూలుకు రంగేసే పని సాబ్. మీరు చెప్పేది ఏరే పని. నాకు రాదు" అన్నాడు. చివరకు మేనేజరే అగ్గిపుల్లతో ఎర్ర చుక్క పెట్టాడు. బోర్డు రాయగా మిగిలిన డబ్బాలో అడుగున ఉన్న రంగు. నాడె కోసం గోడకు వేరే మేకు కొట్టించాడు.

మర్నాడు అతను మేకు మీది నాడె తీసుకుని, తిప్పి చుక్క చూశాడు.

"బొట్టు పెట్టిండ్రు దీనికి. లగ్గమెప్పుడట అక్కా" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. అతనే నవ్వి, వెళ్ళి కూర్చున్నాడు. మిగతావాళ్ళు బుట్టలో చేతులు పెట్టారు. షెడ్డు మళ్ళీ మోగింది. మేనేజరు సమస్య తీరిందనుకున్నాడు.

తీరలేదు. సన్న నూలు అందరికీ కొత్తే. ప్రతివాడి చీరా మొదట్లో వంకర పోయింది. పెద్దమేస్త్రీ తిట్టుకుంటూ ఒక్కొక్క గుంటలోకి దిగి నేసి చూపించారు. నెల తిరిగేసరికి అందరి అంచులూ నిలబడ్డాయి. అతని పద్దెనిమిదో మగ్గం దగ్గర మాత్రం ఆయన నిలబడే చెప్పారు. "మెల్లగ పీల్చు తమ్మి. అంచు గుంజకు తమ్మి." ఎంత గుంజకూడదో మాటల్లో ఎలా చెబుతారు. ఆ మగ్గం చీర అంచు లోపలికి ముడుచుకుపోయేది. నేను తూచి తీసుకునేటప్పుడు తప్పులున్న చోట దారం కట్టాలి. అతని చీరకే ఎక్కువ దారాలు కట్టవలసివచ్చేది. అవి చూసి, అతన్ని మగ్గం నుంచి తీసి నూలు బేళ్ళు మోసే పనికి మార్చాలని మేనేజరు ఒక కాగితం రాసి, యజమాని వచ్చినప్పుడు ఇవ్వడానికి ఉంచుకున్నాడు.

"జీతం అదే అమ్మా" అన్నాడు నాతో. "మనిషి మన దగ్గరే ఉంటాడు. బోర్డు మాటకు లోటు రాదు."

దాపరికం నాకు చేతకాదు. అతనికి చెప్పాను. అతను కాసేపు తక్కెడ గొలుసు వేళ్ళతో తిప్పాడు.

"జీతం గదే అయితె మూటలు సారునే మొయ్యమనరాదు అక్కా" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "మా నాయిన మగ్గం గుంట పూడ్చిన్నాడు మట్టి నేనే మోసిన. గా దినం ఇంట్ల ఎవ్వరు బువ్వ తినలే. ఈడ గుంటల కూసున్నంక నాయినకు చెప్పిన, మల్ల దిగిన నాయినా అని. ఇప్పుడు పొయ్యి ఏం చెప్పాలె" అన్నాడు.

ఆ సాయంత్రం నేను పెద్దబాపు ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఆకు వక్క నములుతున్నారు.

"ఆ పిలగానికి అంచు పట్టు దొరుకుతలేదు పెద్దబాపూ. జర కూసొని చూపియ్యరాదా" అన్నాను.

"చెప్తనే ఉన్న కద బిడ్డా."

"నిలబడి చెప్తున్నవు."

ఆయన నమలడం ఆపారు. లోపల పెద్దమ్మ గిన్నెల చప్పుడు కూడా ఆగింది. "నేను అడ్డం పోయిన్నా? బోర్డు పెట్టిండ్రు, మంచిదన్న. మగ్గమిచ్చిండ్రు, మంచిదన్న. నా మనుమరాలి లగ్గం పెట్టుకున్నం బిడ్డా. కులపోళ్ళు వచ్చి తింటెనే బంతి లేస్తది, రాకపోతె లగ్గం నడవది. గా పిలగాని గుంటల నేను దిగితె, గా నాడె నేను పట్టాలె. పడితె నా నోరు ఊకుంటదా?"

ఆయన చెప్పిందీ నిజమే. లేచి వచ్చేశాను.

మార్చి నెలలో యజమాని వచ్చారు. ఆయన వెనుక జేబులో మడత కాగితంతో మేనేజరు, ఆ వెనుక చేతులు కట్టుకుని పెద్దమేస్త్రీ. నేను తప్పుల చీరలు చూపించడానికి వెంట నడిచాను. మగ్గం మగ్గం చూసుకుంటూ పద్దెనిమిదో దాని దగ్గరికి వచ్చారు. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. యజమాని వంగి అంచు చూసి, "ఇదేమిటి ఇలా ఉంది" అన్నారు.

"అదే మనవి చేద్దామనుకున్నానండీ" అన్నాడు మేనేజరు, జేబులో చేయి పెడుతూ. "ఈ నూలు ఇతనికి కుదరడం లేదు."

"ఏదీ, నేయి బాబూ చూద్దాం" అన్నారు యజమాని.

అప్పుడే కండె అయిపోయింది. అతను కొత్త కండె పెట్టి పీల్చాడు. దారం రాలేదు. నాడె కంట్లో నూలు పీచు అడ్డం పడింది. మళ్ళీ పీల్చాడు. చెమట నుదుటి మీది నుంచి ముక్కు మీదికి జారింది. మూడోసారి పీల్చాడు. యజమాని గడియారం చూసుకున్నారు. మేనేజరు కాగితం సగం బయటికి తీశాడు.

పెద్దమేస్త్రీ తన ప్రాణం మీదికి వచ్చినా చూస్తూ ఊరుకోగలరేమో కానీ, ఆగిన మగ్గం మాత్రం చూడలేరు. నలభై ఐదేళ్ళ అలవాటు. "ఓరి సన్నాసీ, ఊపిరి లేదార నీకు, ఇటు తే" అని వంగి నాడె లాక్కున్నారు. బొటనవేలి గోరుతో కన్ను గీకి, నోటికి ఆనించి ఒక్క పీల్పు పీల్చారు. దారం సర్రున వచ్చింది. ఆయన బొటనవేలు ఎర్ర చుక్క మీదే ఉంది. నాడె తిరిగి అతని చేతిలో పెట్టారు. తెగిన దారపు పీచు ఆయన కింది పెదవి మీద అంటుకుని ఉంది.

అప్పుడు తెలిసింది ఆయనకు.

పక్క మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ షెడ్డు ఆ చివరి దాకా పోయి ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. ఇప్పుడే ఆ మనిషి పీల్చి పీల్చి తడిపిన నాడె. ఆయన నోరు మూసుకుని నిలబడ్డారు. అతను గుంటలో తల వంచుకుని, అరచేతిలో నాడెను చూస్తూ కూర్చున్నాడు.

పెద్దమేస్త్రీ మెల్లగా మూల నీళ్ళ కుండ దగ్గరికి నడిచారు. చెంబు ఎత్తి నోట్లో నీళ్ళు పోసుకున్నారు. బుగ్గలు ఉబ్బాయి. షెడ్డులో ప్రతి కన్నూ ఆ బుగ్గల మీదే. పుక్కిలించి ఉమ్మేస్తే ఆ మనిషి కథ అక్కడితో సరి. కాగితం కూడా అక్కరలేదు, అతనే లేచి వెళ్ళిపోతాడు. యజమానికి, మేనేజరుకు ఏమీ అర్థం కాలేదు. పెద్ద వయసు, దాహమై ఉంటుందనుకున్నారు.

పెద్దబాపు అటు చూశారు, ఇటు చూశారు. పద్దెనిమిదో మగ్గం వైపు చూశారు.

గొంతు ముడి పైకి లేచి కిందికి దిగింది. మింగారు.

ఇంకొక గుక్క కూడా తాగి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకుని, "ఏందిర, మగ్గాలకు ఇయ్యాల సెలవా" అని అరిచారు. ఏ మగ్గమూ వెంటనే కదలలేదు. ఆయన తిన్నగా పద్దెనిమిదో గుంట దగ్గరికి వచ్చి, గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించారు. "జరుగు గాడిదా. గట్ల గుంజుతె చీర బొంతయితది. నా చెయ్యి చూడు, నా మొకం కాదు." బెత్తెడు గుడ్డ నేశారు. అంచు గీత గీసినట్టు వచ్చింది. మెల్లగా అవతలి మగ్గాలు ఒక్కొక్కటే మోగడం మొదలుపెట్టాయి.

"మేస్త్రీ చేతిలో పడితే నేర్చుకుంటాడులెండి" అన్నారు యజమాని. మేనేజరు కాగితం మళ్ళీ జేబులోకి పోయింది. జీపు ఎక్కుతూ యజమాని గేటు వైపు చూసి, "బోర్డు అక్షరాలు వెలిసిపోతున్నాయి, రంగు వేయించండి" అన్నారు. ఆనాడు షెడ్డులో జరిగిన దానిలో ఆయన గమనించింది అదొక్కటే.

మర్నాడు అందరికంటే ముందు వచ్చింది పెద్దమేస్త్రీ. జుట్టు ఇంకా తడిగా ఉంది. "మీ పెద్దమ్మ రాత్రి గడప ఎక్కనియ్యలే. వాకిట్ల నిలవెట్టి బిందెలకు బిందెలు గుమ్మరిచ్చింది. పొద్దుగాల మల్ల పోసింది" అని చెప్పి తుమ్మారు. మేకు మీద నాడె లేదు. నేనే తీసి బుట్టలో వేశాను. వేయమని ఎవరూ చెప్పలేదు. ఆయన ఖాళీ మేకు చూశారు, బుట్ట చూశారు, నన్ను చూశారు. తలుపు ఆలస్యంగా తీశానని నన్ను తిడుతూ, చూడకుండానే బుట్టలో చేయి పెట్టి ఒక నాడె తీసుకున్నారు. ఆయన వెనుక నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, వాళ్ళూ తీసుకున్నారు. ఇద్దరు తీసుకోలేదు. ఇంటి మగ్గం చూసుకుంటామని ఆ వారంలోనే మానేశారు. ఒకాయన ఉగాది వెళ్ళాక తిరిగి వచ్చాడు. రెండో ఆయన రాలేదు.

మనవరాలి పెళ్ళి ఆగలేదు. కులపెద్దలు అడిగితే పెద్దబాపు ఒకటే చెప్పారట. నేను అడిగినప్పుడు కూడా అదే చెప్పారు.

"ఉమ్మాలంటె యాడ ఉమ్మాలె బిడ్డా? మగ్గాల నడుమ ఎవడన్న ఉమ్ముతడా, పడుగు మీద పడితె? బయటికి పోదామంటె దారిల యజమాని నిలవడె."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఆయన బతికినన్నాళ్ళూ చెప్పలేదు. నేతగాడిగా అది సరైన జవాబే. కానీ కుండ పక్కనే కిటికీ ఉంది, ఆ రోజు తెరిచే ఉంది. ఆ మాట నేను ఆయనతో అనలేదు.

అన్నీ ఆ రోజుతో సర్దుకుపోయాయని అనుకోకండి. అందరితో పాటు అతనూ ఆ నీళ్ళ కుండ ముట్టుకునే సంగతి తేలడానికి ఇంకా నాలుగేళ్ళు పట్టింది. అదింకో రకమైన రభస. కానీ మగ్గం అతనిదైంది. వేసవిలో పని ఖాయం చేశారు. అప్పటి నుంచి అప్పుడప్పుడు స్టోరు కిటికీ దగ్గరికి వచ్చి, జీతం పెరిగినట్టు ముఖం పెట్టి చెప్పేవాడు. "ఇయ్యాల నన్ను ఎద్దు అన్నడు అక్కా." ఇంకో రోజు, "మా నాయినను గూడ కలిపి తిట్టిండు." ఒకసారి ఆ తండ్రి స్వయంగా షెడ్డుకు వచ్చాడు. కొడుకు గుంటలో, పక్కన గట్టు మీద పెద్దమేస్త్రీ. కాసేపు తలుపు దగ్గర నిలబడి తిట్లు విని, లోపలికి రమ్మన్నా రాకుండా, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

షెడ్డు 1967లో మూసేశారు. సామాను అప్పజెప్పే రోజున ఒక పాత నాడె ఉంచుకుంటానని అడిగితే ఇచ్చారు. ఇప్పుడు నా అలమరలో ఉంది. మనవరాలికి ఈ కథ చెప్పాక దాన్ని తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది గాయన నాడెనేనా అవ్వా?"

బుట్టలో పడ్డాక ఆ ఎర్ర చుక్క ఎందరి చేతుల్లో తిరిగిందో. చెమటకు, పడుగు రాపిడికి ఏ నెలలో అరిగిపోయిందో నేను గమనించలేదు. ఒకరోజు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ షెడ్డులో ప్రతి వస్తువూ ఎవరి దగ్గర ఉందో అడిగిన క్షణంలో చెప్పగలిగినదాన్ని నేను.

"తెల్వది బిడ్డా" అన్నాను.